నోవా హుటాకి ట్రాబంట్ కారు వద్దు, ట్రామెక్కండి

2023 మే నెలలో అమ్మానాన్నలతో పోలండ్ వెళ్ళాను. క్రాకోలో కోట, పాత మార్కెట్, ఉప్పుగని హాయిగా చూసేశాం. చెప్పాల్సింది ఆఖరి రెండు రోజుల గురించి.

నాన్న విశాఖ స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. అది సోవియట్ సాయంతో కట్టిన ప్లాంటు, 1979లో ఒప్పందం. అందుకే పోలండ్ అనగానే "ఆ ఉక్కు ఊరు చూపించమ్మా" అన్నారు. ఆ ఊరే నోవా హుటా. యుద్ధం అయ్యాక కమ్యూనిస్టు ప్రభుత్వం క్రాకో పక్కన బంగారం పండే నల్లరేగడి పొలాలు తీసుకుని 1949లో దీన్ని మొదలుపెట్టింది. 1954లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే పెద్ద కొలిమి) వెలిగింది, ప్లాంటుకి లెనిన్ పేరు పెట్టారు. పల్లెల్లోంచి కుర్రాళ్ళు చెక్కపెట్టెలతో వచ్చి మూడు షిఫ్టుల కార్మికులయ్యారు. వాళ్ళకి కరెంటున్న ఇల్లు, కుళాయి నీళ్ళు, పిల్లలకి బడి అన్నీ దొరికాయి. చర్చి మాత్రం కట్టనివ్వలేదు.

నేను చేసిన తప్పు "కమ్యూనిజం టూర్" బుక్ చేయడం. మనిషికి 250 జ్లోటీలు, ముగ్గురికి 750. మన లెక్కలో దాదాపు పదిహేను వేలు. మూడు గంటలు, భోజనంతో సహా అన్నారు. పాత తూర్పు జర్మనీ చిన్న కారు, ట్రాబంట్ ఒకటి వచ్చింది. వెనక సీట్లో అమ్మ మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పెట్రోల్ వాసనకి ఆవిడకి తల తిరిగింది. ప్లాంటు గేటు దగ్గర అయిదు నిమిషాలు ఆపారు. ఒక పాత ఫ్లాట్‌లో కూర్చోబెట్టి ఊరగాయ దోసకాయ ముక్క, వోడ్కా పెట్టి భోజనం అదేనన్నారు. చర్చి దగ్గర అసలు ఆపలేదు. గంటా నలభై నిమిషాల్లో దింపేశారు.

డబ్బు పోతే పోయింది. ఆ గైడు మాటలే మింగుడుపడలేదు. పల్లెటూరి వాళ్ళకి ఫ్లాట్లిస్తే బాత్‌టబ్బుల్లో పందుల్ని పెంచారట. అది చెప్పి అతను పగలబడి నవ్వాడు. "ఏటంటన్నాడమ్మా?" అని నాన్న అడిగారు. "ఏం లేదు నాన్నా, పాత సంగతులు" అన్నాను. ఆఫీసుకి వెళ్ళి సగం డబ్బు వెనక్కిమ్మంటే వచ్చేసారికి పది శాతం తగ్గింపు కూపన్ చేతిలో పెట్టారు.

మర్నాడు సాయంత్రం రైలు దాకా ఖాళీ. పొద్దున్నే మళ్ళీ నోవా హుటాకి నాలుగో నంబరు ట్రామెక్కాం. అప్పట్లో గంట టికెట్ ఆరు జ్లోటీలు. అరగంటలో సెంట్రల్ స్క్వేర్. కొలత పెట్టి గీసినట్టు వెడల్పాటి రోడ్లు, రాతి కమానులు, ప్రతి బ్లాకు వెనకా చెట్లు. నాన్న మెల్లగా నడుస్తూ "మన ఉక్కునగరం సెక్టార్లలాగే ఉందే" అన్నారు. లెనిన్ విగ్రహం నిలబడ్డ రోడ్డులో ఇప్పుడు బెంచీలున్నాయి. దాన్ని 1989 డిసెంబర్‌లో తీసేశారు.

అక్కడ బార్ మ్లెచ్నీలో తప్పకుండా తినండి. బార్ అంటే కల్లుపాక అనుకోకండి, పాలు, పిండి, కూరగాయల చవక భోజనశాల. ముందు కౌంటర్లో డబ్బు కట్టి, కిటికీ దగ్గర ప్లేటు తీసుకుని, తిన్నాక మనమే తిరిగిచ్చేయాలి. బంగాళదుంప, పెరుగు జున్ను కూరిన పియెరోగి (ఉడికించిన కజ్జికాయల్లాంటివి) ప్లేటు అప్పట్లో 15 జ్లోటీలు, సూప్ 7, పళ్ళ నీళ్ళు 4. శాకాహారులు పైన పంది కొవ్వు ముక్కలు చల్లొద్దని ముందే చెప్పాలి. రెండు రోజులుగా ముభావంగా ఉన్న అమ్మ రెండో ప్లేటు అడిగింది.

తింటూ తింటూ నాన్న అన్నారు: "పందులని కదా అన్నాడు నిన్న. నాకు తెలిసింది. ఆర్ కార్డు (ప్లాంటుకి పొలాలు పోయినవాళ్ళకిచ్చిన పునరావాస కార్డు) మీద ఉద్యోగమొచ్చి, క్వార్టర్ ఇచ్చినప్పుడు మీ నాయనమ్మ బాల్కనీలో కోళ్ళని కట్టింది. పొలం పోయింది, కోళ్ళు కూడా వదులుకోమంటే ఎలాగరా అని ఏడ్చింది." అమ్మకి కూడా ఈ సంగతి తెలీదట.

తర్వాత ఆర్కా పానా (దేవుడి ఓడ అని అర్థం) చర్చికి నడిచాం. ఈ చర్చి కట్టకముందు 1960లో, వేరేచోట చర్చి కోసం పాతిన శిలువని పీకించబోతే ఈ ఊరి జనం, అందులో చాలామంది ఆడవాళ్ళు, పోలీసులకి అడ్డం నిలబడ్డారు. ఈ చర్చికి అనుమతి 1967లో వచ్చింది, ప్రతిష్ఠ 1977లో జరిగింది. చేసింది కార్డినల్ వొయ్తీవా, మరుసటి ఏడాది పోపు అయిన ఆయనే. ప్రభుత్వం తన కోసం తయారుచేసుకున్న కార్మికులే ఈ ఓడలాంటి గోడల్ని తమ చేతుల్తో లేపారు. 1980ల్లో సాలిడారిటీ కార్మిక సంఘం సమ్మెల్లోనూ వాళ్ళే ముందున్నారు. గోడంతా ఏటి గులకరాళ్ళు, జనం మోసుకొచ్చినవి. ప్రవేశం ఉచితం, లోపల సెల్‌ఫోన్ తీయకండి.

బ్లాస్ట్ ఫర్నేస్‌ని 2020లో శాశ్వతంగా మూసేశారని నేను చెబితే నాన్న ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక గోడలో ఒక రాయి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. అమ్మ వాచీ చూపించి తొందరపెడుతోంది. మేము రైలందుకున్నాం, రెండు నిమిషాల ముందు.