మామగారి ముత్తాత ఊరు వెతుక్కుంటూ ఉత్తర జర్మనీలో

మా మామగారికి 76 ఏళ్లు. ఆయన ముత్తాత 1882లో, 19 ఏళ్ల వయసులో జర్మనీలో ఓడెక్కి అమెరికాలోని బాల్టిమోర్‌లో దిగాడు. ఆ ఒక్క ఏడాదే సుమారు 2.5 లక్షల మంది జర్మన్లు అలా వచ్చారు. ఆ పుట్టిన ఊరు ఒక్కసారి చూడాలని మామగారి కోరిక. పోయిన మే నెలలో పిల్లలతో సహా అందరం వెళ్లాం.

ఊరి పేరు తెలియకుండా మాత్రం ఈ పని మీద వెళ్లకండి. బాల్టిమోర్‌లో దిగినవాళ్ల జాబితాలో ముత్తాత పేరు, వయసు, ‘రైతు’ అన్న మాట ఉన్నాయి. ఊరు రాయాల్సిన చోట ‘జర్మనీ’ అనే ఉంది. పోనీ ఓడెక్కిన చోట చూద్దామంటే, అది బ్రెమెన్ ఓడ. అక్కడ 1832 నుంచే ప్రయాణికుల జాబితాలు రాయించారు. కానీ 1875 తర్వాత, చోటు చాలడం లేదని, పాతబడినవాటిని వాళ్లే పారేస్తూ వచ్చారు. మిగిలినవి రెండో ప్రపంచ యుద్ధంలో పోయాయి. ఇప్పుడు ఉన్నవి 1920–39 నాటివే. ఇది తెలిసిన రోజు నాకు ఏడుపొచ్చింది. హాంబర్గ్ నుంచి వెళ్లినవాళ్ల జాబితాలు 1850 నుంచి చాలావరకు భద్రంగా ఉన్నాయి, సొంతూరి పేరుతో సహా. మాకు చివరికి ఊరి పేరు, ముత్తాత అమెరికాలో స్థిరపడిన ఒహాయోలోని లూథరన్ చర్చి మరణాల రిజిస్టర్‌లో దొరికింది: ఓల్డెన్‌బర్గ్ దగ్గర చిన్న పల్లె.

బస బ్రెమెన్‌లో పెట్టుకోవడమే మంచిది. స్టేషన్ దగ్గర వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, పిల్లలకు రోజూ పెరుగన్నం దొరికింది. బ్రెమెన్ ఓడలు బయల్దేరే రేవు పట్టణం బ్రెమర్‌హాఫెన్‌లో ఒక రాత్రి ఉన్న హోటల్ నుంచి రేవు బాగా కనిపించింది గానీ, లిఫ్ట్ పాడైన సంగతి ముందుగా చెప్పలేదు. మోకాళ్ల నొప్పులతో మామగారు మూడంతస్తులు ఎక్కారు. తిరగడానికి నీడర్‌జాక్సెన్ (చుట్టూ ఉన్న రాష్ట్రం పేరు) టికెట్ కొనండి. ఒకే టికెట్ మీద ఐదుగురి వరకు రోజంతా ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు, బ్రెమెన్, హాంబర్గ్ కూడా అందులోకే వస్తాయి. మామూలు రోజుల్లో ఉదయం 9 దాటాకే చెల్లుతుంది.

బ్రెమర్‌హాఫెన్‌లోని వలసల మ్యూజియానికి ఒక రోజంతా ఇవ్వండి. 70 లక్షల మందికి పైగా ఓడలెక్కిన రేవు పట్టణం అది. లోపలికి వెళ్లేటప్పుడు నిజంగా వలస వెళ్లిన ఒక మనిషి పేరున్న కార్డు ఇస్తారు. ఆ మనిషి కథ వెంటే మనం నడుస్తాం. మొదట చీకట్లో ఓడరేవు, మూటలు, వీడ్కోలు చెబుతున్న బొమ్మలు. తర్వాత ఓడ అడుగు తరగతి, ఒకదాని మీద ఒకటి ఇరుకు చెక్క మంచాలు. మామగారు అక్కడే నిలబడి చాలాసేపు కదల్లేదు. కుటుంబ చరిత్ర వెతికే గదిలో అమ్మాయి ఎంతో ఓపికగా సాయం చేసింది.

హాంబర్గ్‌లోని బాలిన్‌స్టాట్ అనే వలసల మ్యూజియం కూడా బాగుంది. కానీ అక్కడ తిరిగి కట్టి చూపించేది వలస వెళ్లేవాళ్లు ఓడెక్కేముందు ఉండడానికి 1901లో మొదలైన బస భవనాలను. మీవాళ్లు అంతకుముందే వెళ్లి ఉంటే సగం రోజు చాలు.

పల్లెలో చర్చి పక్క శ్మశానానికి మామగారు పూలు పట్టుకుని వెళ్లారు. ఇంటిపేరు ఉన్న రాయి ఒక్కటీ లేదు. జర్మనీలో సమాధి స్థలాన్ని 20, 30 ఏళ్లకే ఇస్తారట, గడువు పొడిగించుకోకపోతే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది. ఆయన ముఖం చూడలేకపోయాం. అప్పుడు చర్చి ఆఫీసు పెద్దావిడ ముత్తాత 1863 బాప్టిజం పేజీ నకలు తెచ్చారు. ఆ పాత గొలుసుకట్టు రాత మాకు ఒక్క అక్షరం అర్థం కాలేదు. ఆవిడే వేలు పెట్టి చదివి వినిపించారు: తండ్రి, తల్లి, జ్ఞానపిత (బాప్టిజంలో బిడ్డ తరఫున నిలబడే పెద్ద). జ్ఞానపిత ఇంటిపేరూ తల్లి పుట్టింటి పేరూ ఒకటే, మేనమామ అయ్యుంటాడు అన్నారావిడ. ఒహాయోలో పుట్టిన పెద్ద కొడుక్కి ముత్తాత పెట్టుకున్నది ఆ జ్ఞానపిత పేరే. మామగారు ఆ పేరును రెండుసార్లు పైకి చదివించుకున్నారు.

ఆవిడ డబ్బు తీసుకోలేదు, చర్చి హుండీలో 50 యూరోలు వేసి వచ్చాం. మీరు వెళ్లాలనుకుంటే నెల ముందే ఆ ఊరి చర్చి ఆఫీసుకు ఈమెయిల్ రాయండి, జర్మన్‌లోనే రాయండి.