స్విస్‌టోపో యాప్: ఆల్ప్స్ కనుమల్లో నడకకు సాటిలేదు, సైకిల్‌కు సగం పనే

స్విట్జర్లాండ్ ప్రభుత్వ సర్వే సంస్థ స్విస్‌టోపో తన మ్యాపుల్ని ఒకే యాప్‌లో పెట్టి ఉచితంగా ఇస్తోంది. ప్రకటనలు లేవు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్, రొమాన్ష్, ఇంగ్లిష్ భాషల్లో ఉంది. అక్కడి కనుమల్ని నడిచో సైకిల్ తొక్కో దాటాలనుకునేవాళ్లు ముందుగా ఫోన్‌లో వేసుకోవాల్సింది ఇదే. కాకపోతే అందులోని మ్యాపు వేరు, ఆ మ్యాపు మీద యాప్ వేసే లెక్కలు వేరు. మ్యాపును చాలావరకు కళ్లు మూసుకుని నమ్మొచ్చు. లెక్కల్ని మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి.

మ్యాపుతో మొదలుపెడదాం. 1:25,000 స్కేలులో ఆల్ప్స్ ప్రాంతానికి ప్రతి 20 మీటర్ల ఎత్తుకు ఒక కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేది), ప్రతి 100 మీటర్లకు ఒక మందపాటి గీత ఉంటాయి. గీత రంగే సగం విషయం చెప్పేస్తుంది. మట్టి, గడ్డి ఉన్నచోట గోధుమ రంగు, గ్లేసియర్ (హిమానీనదం) మీద నీలం, రాళ్లగుట్టల మీద నలుపు. మీ బాట దగ్గరదగ్గరగా ఉన్న నల్ల గీతల్ని కోసుకుంటూ పోతోందంటే అక్కడ కాలి కింద రాళ్లు జారతాయని అర్థం. ఎక్కేటప్పుడు పెద్దగా తెలియదు కానీ దిగేటప్పుడు వేగం సగానికి పడిపోతుంది. ఇది కాగితం మ్యాపుల కాలం నుంచి వస్తున్న పద్ధతి. చాలా కొత్త యాప్‌లు ఒకే రంగు గీతలు గీసి ఊరుకుంటాయి.

హైకింగ్ లేయర్ (మ్యాపు మీద అదనంగా పరుచుకునే పొర) ఆన్ చేస్తే బాటలు మూడు రంగుల్లో కనబడతాయి. పసుపు మామూలు బాట, మామూలు బూట్లు చాలు. ఎరుపంటే కొండబాట, దారిలో తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలు కనిపిస్తాయి. ఇరుకు, వాలు, అక్కడక్కడా పక్కన లోయ ఉంటాయి కాబట్టి గట్టి సోలు ఉన్న బూట్లు కావాలి, కళ్లు తిరిగే అలవాటు ఉండకూడదు. నీలం, అంటే తెలుపు-నీలం-తెలుపు పట్టీల ఆల్పైన్ బాట. మంచు, గ్లేసియర్, చేతులతో పట్టుకుని ఎక్కాల్సిన బండలు రావచ్చు. తాడు, ఐస్ యాక్స్ అవసరం పడొచ్చు. తెరమీద నీలం చూసి చల్లగా, హాయిగా ఉందనుకోకండి. మూడింటిలోనూ ప్రమాదకరమైనది అదే.

సమయం విషయంలో జాగ్రత్త. స్విస్ నడక లెక్క చదునైన నేల మీద గంటకు 4.2 కి.మీ. అనే వేగంతో మొదలై ఎక్కుడు దిగుడులను బట్టి మారుతుంది. విరామాలు అందులో ఉండవు. దారిలో పసుపు బోర్డుల మీద రాసే గంటలూ ఇలాంటివే. వయా ఆల్పినా అనే జాతీయ హైకింగ్ రూటు, నంబరు 1, మొత్తం 14 కనుమలు దాటుతుంది. వాటిలో ఎత్తైన హోటూర్లి కనుమ 2,778 మీ. గ్రీసాల్ప్ (1,408 మీ.) నుంచి అక్కడికి 1,370 మీటర్లు ఎక్కుడు, అటువైపు కాండర్‌స్టెగ్ (1,176 మీ.) దాకా 1,600 మీటర్లు దిగుడు. అందరూ ఎక్కుడు గురించే కంగారుపడతారు, మోకాళ్లు పట్టేసేది మాత్రం దిగుడులోనే. ఇలాంటి రోజుకు యాప్ చూపిన సమయానికి కనీసం మూడో వంతు కలపాలి. ఓషినెన్‌జే సరస్సు పైన కేబుల్ కారు ఉంది, దాన్ని పట్టుకుంటే చివరి దిగుడు తప్పుతుంది. ఆఖరి కారు ఎన్నింటికో ముందురోజే చూసుకుని, అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసి పొద్దున ఎన్నింటికి బయల్దేరాలో తేల్చుకోండి.

మూసేసిన బాటల లేయర్ కూడా బాగుంది. గీత మీద నొక్కితే మూసివేత వివరాలు వస్తాయి. అందులో ఉండనిది మంచు. జూన్ చివరిదాకా, ఒక్కోసారి జూలైలోనూ, ఎత్తైన కనుమల ఉత్తరపు వాలు మీద పాత మంచు మిగిలే ఉంటుంది. బాట మూసినట్టు ఎవరూ ప్రకటించరు, మ్యాపులోనూ కనబడదు. దీనికి 30 డిగ్రీలు దాటిన వాలుల్ని రంగులతో చూపే లేయర్ పనికొస్తుంది. 30 నుంచి పసుపు, 35 నుంచి నారింజ, 40 నుంచి ఎరుపు, 45 దాటితే ఊదా. శీతాకాలంలో స్కీ చేసేవాళ్ల కోసం పెట్టిందే అయినా, ఉత్తరం వైపు బాట ఈ రంగుల్లోంచి పోతుంటే వేసవి మొదట్లో తెల్లవారుజామున అక్కడ గట్టిపడిన మంచు ఉండొచ్చని అనుమానించండి. పైన హైకర్లు బసచేసే కొండ గుడిసెకు ఫోన్ చేసి అడగడం అన్నిటికన్నా నయం.

మ్యాపు ఆరేళ్ల చక్రంలో కొత్తదవుతుంది. రోడ్లకు ఆ వేగం చాలు, గ్లేసియర్లకు చాలదు. ఫుర్కా కనుమ దగ్గరి రోన్ గ్లేసియర్ అంచు మ్యాపులో ఉన్నచోటే ఉందనుకుని ప్లాన్ వేయకండి.

ఇక సైకిల్. ఆండర్‌మాట్ ఊళ్లో మూడు జాతీయ సైకిల్ రూట్లు కలుస్తాయి: ఫుర్కా మీదుగా జెనీవాకు 1, ఒబరాల్ప్ మీదుగా బాసెల్‌కు 2, గొట్టార్డ్ మీదుగా కియాసోకు 3. ముగ్గురు మిత్రులు మూడు దిక్కులకు పోవచ్చు. యాప్‌లో రూట్లన్నీ చక్కగా ఉన్నాయి. చిక్కు ఎలివేషన్ ప్రొఫైల్ దగ్గర, అంటే దారి ఎత్తుపల్లాల్ని చూపే గీత దగ్గర, మొదలవుతుంది.

ఆండర్‌మాట్ (1,437 మీ.) నుంచి ఫుర్కా (2,429 మీ.) దాకా సుమారు 21 కి.మీ. మొత్తానికి సగటు వాలు తీస్తే 4.7 శాతం, అంటే హాయిగా తొక్కేయొచ్చు అనిపిస్తుంది. కానీ రియాల్ప్ (1,538 మీ.) దాకా ఉన్న 9 కి.మీ. దాదాపు చదును. మిగిలిన 12 కి.మీ.లోనే 890 మీటర్లు ఎక్కాలి, అది 7.4 శాతం. గేర్లు ఎంచుకోవాల్సింది ఈ రెండో అంకెను బట్టి. కాబట్టి రూటంతా ఒకేసారి కొలవకుండా ఒక మందపాటి కాంటూర్ నుంచి తర్వాతి దాని దాకా రోడ్డును కొలవండి. 100 మీటర్ల ఎత్తుకు రోడ్డు 1,250 మీటర్లుంటే 8 శాతం, 1,000 మీటర్లుంటే 10 శాతం. బరువు బ్యాగులతో వెళ్లేవాళ్లకు ముందు చిన్న గేరు చక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి కూడా 34 పళ్లు ఉంటే ఊపిరాడుతుంది.

రెండో తప్పు ఇంకా సూక్ష్మం. ప్రొఫైల్ ఎత్తులు నేల ఎత్తుల డిజిటల్ మోడల్ నుంచి వస్తాయి, రోడ్డు నుంచి కాదు. రూటు గీయడానికి మీరు వేలితో పెట్టిన చుక్కలు హెయిర్‌పిన్ మలుపును (రోడ్డు పూర్తిగా వెనక్కి తిరిగేచోటు) కోసుకుంటూ పోతే గీత వాలు మీదకు ఎక్కి దిగుతుంది. లేని ఎక్కుడు కలుస్తుంది, ఉన్న దూరం తగ్గుతుంది. టన్నెల్ ఉన్నచోట లోపలి రోడ్డు ఎత్తు కాకుండా పైనున్న కొండ ఎత్తు వస్తుంది. ప్రొఫైల్‌లో నిటారు ముల్లు కనిపిస్తే భయపడక ముందు మ్యాపులో టన్నెల్ ఉందేమో చూడండి. మలుపుకు మూడు చుక్కలు చొప్పున పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

రోడ్డు ఉపరితలం గురించి కూడా యాప్ పూర్తిగా చెప్పదు. ఐరోలో వైపు నుంచి గొట్టార్డ్ (2,106 మీ.) ఎక్కే పాత ట్రెమోలా రోడ్డు 24 హెయిర్‌పిన్‌లతో అద్భుతంగా ఉంటుంది. మ్యాపులో దాని అందం కనిపిస్తుంది గానీ పై భాగమంతా రాళ్లు పరిచిన రోడ్డని తెలియదు. 25 మి.మీ. టైరులో గాలి గట్టిగా కొట్టుకుని వెళితే చేతులు తిమ్మిరెక్కుతాయి. 32 మి.మీ. టైరు వేసి గాలి తగ్గించుకోండి. తడిసినప్పుడు ఆ రాళ్ల మీద దిగకపోవడమే మంచిది.

కనుమ రోడ్డు తెరిచి ఉందో లేదో వేరేగా చూసుకోవాలి. ఇవి అక్టోబరు-నవంబరులో మూసేస్తే మే-జూన్‌లో గానీ తెరవరు. వాతావరణం తిరగబడితే ఫుర్కాకు ప్రత్యామ్నాయం ఉంది: 1982లో తెరిచిన 15.4 కి.మీ. టన్నెల్‌లో రియాల్ప్, ఒబర్‌వాల్డ్ మధ్య రైలు నడుస్తుంది, సైకిలూ ఎక్కించుకోవచ్చు. ప్రజా రవాణా లేయర్‌లో ఆ స్టేషన్లు ముందే చూసి పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి రోమింగ్ ప్యాక్‌తో వెళ్లేవాళ్లు హోటల్ వైఫైలోనే మ్యాపును ఆఫ్‌లైన్‌కు దింపుకోవాలి. దింపాక ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, రూటు మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా జూమ్ చేసి చూడండి. ఎక్కడైనా మసకగా వస్తే ఆ ముక్క దిగలేదన్నమాట. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ జీపీఎస్ పనిచేస్తుంది, బ్యాటరీ కూడా నిలుస్తుంది. బస్సు వేళలకూ బాట మూసివేతలకూ మాత్రం నెట్ కావాలి, అందుకని ముందురోజు రాత్రే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మ్యాపులో మీరున్న చోటి కోఆర్డినేట్లు (స్థానాన్ని చెప్పే అంకెలు) ఎక్కడ చూపిస్తుందో కూడా అప్పుడే వెతికి పెట్టుకోండి. హెలికాప్టర్‌తో కాపాడే స్విస్ సంస్థ రేగా నంబరు 1414. వాళ్లకు కావాల్సింది ఆ అంకెలే.

సరిహద్దు దాటితే ఈ యాప్ మీద ఆధారపడొద్దు. స్విస్ ఊరు సాంటా మరియా నుంచి ఉమ్‌బ్రైల్ కనుమ (2,501 మీ.) దాకా బంగారంలాంటి మ్యాపు ఉంటుంది. అక్కణ్నుంచి స్టెల్వియో ఎక్కి 48 మలుపుల్లో ప్రాటోకు దిగేది ఇటలీలో. ఆ భాగానికి రూటును జీపీఎక్స్ (వేరే యాప్‌లూ చదవగలిగే రూటు) ఫైలుగా తీసి, ఇటలీ మ్యాపు ఉన్న మరో యాప్‌లోకో సైకిల్ కంప్యూటర్‌లోకో ఎక్కించుకోండి.