కుక్క, పిల్లి ఉన్న ఇంటికి సేఫ్టీ గేట్: ఐదు నెలలు వాడాక రాస్తున్నాను

నాన్నకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఊళ్లో ఒక్కరే ఉండడం కుదరదని వైజాగ్ తీసుకొచ్చేశాం. వస్తాను గానీ రాజుని వదిలి మాత్రం రాను అన్నారు. రాజు నాలుగేళ్ల నాటు కుక్క. నరసన్నపేట దగ్గర మా ఊరి పెరట్లో పెరిగాడు, కోడిపిల్లల జోలికొచ్చిన పిల్లిని వీధి చివరిదాకా తరిమి వచ్చేవాడు. మా ఇంట్లోనేమో బుజ్జమ్మ ఉంది, ఆరేళ్ల పిల్లి, కళ్లు తెరిచిన కొన్నాళ్లకే మా దగ్గరికి వచ్చింది కాబట్టి ఈ ఫ్లాట్ తప్ప ఇంకేం చూడలేదు.

వచ్చిన రోజు సాయంత్రం నాన్న చేతిలోంచి గొలుసు జారింది. అంతే, రాజు హాల్లోంచి దూసుకుపోయాడు, బుజ్జమ్మ బీరువా మీదకి, అక్కణ్ణుంచి సజ్జ మీదకి ఎక్కేసి అట్టపెట్టెల వెనక నక్కింది, తోక మామూలుకి మూడింతలు లావైపోయింది. మర్నాడు పొద్దున్నదాకా దిగలేదు, చుక్క నీళ్లు తాగలేదు. నాకు ఏడుపొచ్చింది. నాన్న ఒకటే అన్నారు, "ఆడికేటి తెలుసమ్మా, పిల్లంటే దొంగని ఊళ్లో మనవే నేర్పేం కదా."

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఈ గేట్ ఆర్డర్ పెట్టాను. చిన్నపిల్లలు గది దాటి బయటికి పోకుండా గుమ్మానికి పెట్టుకునే రకమే, ఇనుప ఊచలు, తెల్ల రంగు, ఎత్తు 76 సెం.మీ., గోడకి కన్నాలు పెట్టక్కర్లేదు, రెండు పక్కలా నాలుగు బోల్టులు తిప్పి బిగిస్తే ఆ ఒత్తిడికే నిలబడుతుంది. గేట్ 3,200, ఎక్స్‌టెన్షన్ ముక్క 750 రూపాయలు.

ముందుగా కొలత సంగతి, ఎందుకంటే నాకు ఎక్కువ టైము పోయింది ఇక్కడే. గేట్ 75 నుంచి 82 సెం.మీ. గుమ్మానికి సరిపోతుందని పెట్టె మీద ఉంది. మా నాన్న గది గుమ్మం లోపలి కొలత 36 అంగుళాలు, అంటే 91 సెం.మీ. దాటింది. 10 సెం.మీ. ముక్క కలిపితే 92 దాకా వస్తుంది కదా, చాలనుకున్నాను. లెక్క ప్రకారం చాలింది కూడా, కానీ బోల్టులు దాదాపు చివరిదాకా బయటికి తిప్పాల్సి వచ్చింది, అలా తిప్పితే పట్టు ఉండదు, రాజు ముందుకాళ్లు వేసి ఒక్కసారి నెట్టగానే గేట్ మొత్తం ఊగింది. కస్టమర్ కేర్‌కి మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ "మాన్యువల్ చూడండి మేడమ్" అన్నారు. చివరికి నేనే 14 సెం.మీ. ముక్క విడిగా తెప్పించి వేస్తే బోల్టులు సగానికే సరిపోయాయి, గేట్ కదలడం మానేసింది.

ఇంకో విషయం. పెట్టె విప్పగానే గడియ దగ్గర రెండు వేళ్ల సందు కనపడుతుంది, గేట్ వంకర వచ్చిందేమో అనిపిస్తుంది. నేను రిటర్న్ పెట్టేయబోయాను. అది వంకర కాదు, బోల్టులు బిగించేకొద్దీ ఆ సందు మూసుకుంటుంది, దాని తయారీయే అలాంటిది. కానీ మరీ బిగిస్తే గోడ పెచ్చులూడతాయి. మాకు ఒకచోట లప్పం రాలింది, కాబట్టి వీలైతే చెక్క ద్వారబంధానికే ఆనేలా పెట్టండి.

ఇక అసలు పని. గేట్ పెట్టిన రోజే రెండిటినీ చెరోపక్క నిలబెట్టి చూపించేయొచ్చు అనుకోకండి, గేట్ అందుకు కాదు. మా పశువుల డాక్టరుగారు చెప్పిన ప్రకారం మొదటి ఐదు రోజులు తలుపు కూడా మూసే ఉంచాం, రాజు నాన్న గదిలో, బుజ్జమ్మ మిగతా ఇల్లంతా. ఆ ఐదు రోజులూ వాసనలే మార్చాం. రాజు పడుకునే పాత తుండు తెచ్చి బుజ్జమ్మ గిన్నె దగ్గర వేశాను. ఉతికిన సాక్స్‌తో బుజ్జమ్మ చెంపలు నిమిరి (పిల్లికి చెంపల్లో వాసన గ్రంథులుంటాయి, సోఫా మూలలకి మొహం రుద్దేది అందుకే) ఆ సాక్స్‌ని రాజు పక్కలో పెట్టాను. మొదటి రోజు తుండు చూసి బుస కొట్టింది, నాలుగో రోజుకి దాని మీదే కూర్చుని తింది.

ఆరో రోజు తలుపు తీసి, గేట్ మీద దుప్పటి కప్పాం. అటుపక్క నాన్న గొలుసు పట్టుకుని కుర్చీలో, ఇటు నేను నేల మీద. ఇద్దరికీ ఒకే టైముకి తిండి, పది అడుగుల దూరంలో గిన్నెలు. రాజుకి పెరుగన్నం కన్నా ఇష్టమైనది లేదు, పిల్లి కనపడినప్పుడే పెరుగన్నం అని నాన్న నియమం పెట్టారు. రోజుకి కాస్త చొప్పున దుప్పటి పైకి మడిచాం. రాజు బిగుసుకుపోయి రెప్ప వేయకుండా చూశాడంటే ఆ రోజుకి అక్కడితో ఆపేయడం, తల తిప్పి నాన్న వైపు చూస్తే ముద్ద పెట్టడం. ఆపరేషన్ అయిన కాలు చాచుకుని పూటకి పావుగంట చొప్పున ఆయన అలా కూర్చున్నారు, ఒక్క పూట విసుక్కోలేదు. ఈ గేట్ గురించి మంచి మాట ఏం రాసినా అందులో సగం నాన్నకే చెందుతుంది.

గేట్ కుక్కని ఆపుతుంది, పిల్లిని ఆపదు. 76 సెం.మీ. పిల్లికి ఒక గంతు. మాకు కావాల్సింది కూడా అదే, దగ్గరికి రావాలో వద్దో బుజ్జమ్మే తేల్చుకోవాలి. అందుకని గేట్‌కి ఇటుపక్క ఫ్రిజ్ మీదా బీరువా మీదా ఖాళీ చేసి గోనెసంచి పరిచాను, పైనుంచి చూసుకునే చోటుంటే పిల్లికి సగం టెన్షన్ తగ్గుతుంది. ఊచల మధ్య సందు ఐదు సెంటీమీటర్ల పైన ఉంది, పెద్ద పిల్లి దూరదు, చిన్న పిల్లిపిల్ల మాత్రం దూరిపోతుంది, అలాంటివాళ్లు కింద వల కట్టుకోవాలి.

లోపాలు. కింద అడ్డంగా ఉండే ఇనుప పట్టీ నేలకి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండో వారంలో నాన్న చేతికర్ర దానికి తగిలి తూలారు, తలుపు పట్టుకున్నారు కాబట్టి పడలేదు. ఆ రోజు గేట్ పీకేద్దామనుకున్నాను. ఆ పట్టీకి పసుపు టేపు అంటించి, రాత్రంతా చిన్న లైటు వెలిగేలా పెట్టాక మళ్లీ అలా జరగలేదు. అయినా పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు, కంపెనీ పెట్టె మీద రాసి ఉండాల్సింది. రెండోది, గడియ పడేటప్పుడు ఠంగుమని చప్పుడు, మొదట్లో దానికే బుజ్జమ్మ పారిపోయేది. గడియ తగిలేచోట సైకిల్ ట్యూబు ముక్క అంటించాను.

గేట్‌తో సంబంధం లేకపోయినా ఇది రాయకుండా ఉండలేను. రాజుకి గోమార్లు పట్టాయని మందుల షాపుకి వెళ్తే, మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చి "పిల్లికీ ఇదే వేసేయండి" అన్నాడు. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంది. అది కుక్కకి పర్లేదు, పిల్లికి విషం, దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి ఉండదు, వణుకు, ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు కూడా. కుక్కకి వేసిన తడి ఆరేదాకా పిల్లి దాన్ని రాసుకున్నా ప్రమాదమే. అలాగే భయంతో పిల్లి రెండు రోజులు ముద్ద ముట్టకపోతే అలిగిందిలే అని ఊరుకోకండి, తిండి మానేస్తే పిల్లికి కాలేయానికి కొవ్వు పట్టేయొచ్చు, వెంటనే డాక్టరుకి చూపించండి.

ఐదో వారం ఒక మధ్యాహ్నం, నాన్న నిద్రపోతున్నారు. రాజు గేట్‌కి వీపు ఆనించి పడుకున్నాడు, తోక ఊచల మధ్యనుంచి ఇటు వచ్చింది. బుజ్జమ్మ ఫ్రిజ్ దిగి, ఆగి ఆగి నడిచి, గోళ్లు బయటికి తీయకుండా కాలితో ఆ తోక కొసని ఒకసారి తాకి చూసింది. రాజు చెవి కదిలింది గానీ లేవలేదు. నేను గరిట పట్టుకుని వంటగది గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

ఇప్పుడు పగలు గేట్ తీసే ఉంటుంది, మేం బయటికెళ్లినప్పుడు మాత్రం వేస్తాం. బుజ్జమ్మ గిన్నె, అది దొడ్డికి వెళ్లే మట్టి డబ్బా ఇటుపక్క రాజుకి అందని చోటే ఉంటాయి, లేకపోతే రెండూ రాజే ఖాళీ చేసేస్తాడు.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి తగ్గించింది కింద పట్టీకి. మీది మూడడుగుల గుమ్మమైతే 10 కాదు, 14 సెం.మీ. ముక్క అడగండి.