ఫ్రిజ్ ఎక్కడ కొనాలి: ఊళ్ళో కొట్టులోనా, ఏసీ షోరూమ్‌లోనా, ఫోన్‌లోనా?

పోయిన వేసవిలో తెనాలిలో అమ్మ దగ్గరున్న పాత ఫ్రిజ్ మూలనపడింది. పద్దెనిమిదేళ్ళు పనిచేసింది పాపం, దాన్ని తిట్టడానికేం లేదు. కొత్తది కొనాలనగానే ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. డాలస్‌లో ఉన్న తమ్ముడు "నేను ఇక్కణ్ణుంచే ఆర్డర్ పెట్టేస్తానక్కా, మూడ్రోజుల్లో గుమ్మంలో ఉంటుంది" అన్నాడు. మా ఆయనేమో కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గరి పెద్ద షోరూమ్‌లో చూసి ఖాయం చేస్తే, అటువైపు బ్రాంచి నుంచి వాళ్ళే పంపిస్తారన్నారు. అమ్మ మాత్రం "బోస్ రోడ్డులో కొట్టుకెళ్ళి ఒక మాట చెబితే వాళ్ళే తెచ్చి పెట్టి పోతారు, దీనికింత పంచాయితీ ఎందుకే" అంది. అమ్మ మాట ఎవరూ వినలేదు. ఆఖరికి ఆ మూడు గుమ్మాలూ ఎక్కి దిగాక రాస్తున్నాను ఇది.

ముందు షోరూమ్.

తలుపు తీయగానే చల్లగాలి, "వెల్‌కమ్ మేడమ్" అంటూ ఒకబ్బాయి, నాలుగడుగులేస్తే ఇంకో "వెల్‌కమ్ మేడమ్". ఫ్రిజ్‌ల దగ్గరికి వెళ్ళేసరికి ముగ్గురు చుట్టుముట్టారు, మూడు రంగుల టీషర్టులు. మర్యాదకేం లోటు లేదు. నేనడిగింది ఒక్కటే: మా అమ్మ ఒక్కతే ఉంటుంది, సాయంత్రం పూట అక్కడ వోల్టేజీ పడిపోతూ ఉంటుంది, సింగిల్ డోరులో ఏది బాగుంటుంది? ఒకబ్బాయి వెంటనే డబుల్ డోరు చూపించాడు, దాని మీద ఆఫర్ ఉందట. రెండో అబ్బాయి "ఇది టెన్ ఇయర్స్ వారంటీ మేడమ్" అన్నాడు. దేనికి పదేళ్ళు బాబూ అంటే తలుపు మీద స్టిక్కరు వైపు చూశాడు. ఆ పదేళ్ళు సాధారణంగా కంప్రెసర్‌ ఒక్కదానికే, మిగతా ఫ్రిజ్ అంతటికీ ఏడాదే ఉంటుంది, ఆ ముక్క స్టిక్కరు కింద చిన్న అక్షరాల్లో ఉంటే నేనే చదివి వినిపించాను. డైరెక్ట్ కూల్‌కీ ఫ్రాస్ట్ ఫ్రీకీ తేడా ఏంటంటే "ఇది లేటెస్ట్ మేడమ్". (డైరెక్ట్ కూల్‌లో, ఫ్రాస్ట్ ఫ్రీలో లాగా కాకుండా, ఫ్రీజర్ చుట్టూ మంచు గడ్డకడుతుంది, అప్పుడప్పుడూ బటన్ నొక్కి కరిగించుకోవాలి, కానీ ధర తక్కువ, కరెంటు కూడా తక్కువ తాగుతుంది. ఒక్క మనిషి ఉండే ఇంటికి అది చాలు. ఇది చెప్పడానికి అరనిమిషం పట్టదు.)

కరెంటు పొదుపు చూపించే స్టార్ల సంగతి అడిగితే ఇంకా తమాషా. ఫైవ్ స్టార్ అంటే ఫైవ్ స్టారే అన్నాడు. కాదు, 2023 జనవరి నుంచి ఫ్రిజ్‌ల స్టార్ల లెక్క కఠినం చేశారు, పాత స్టాకు మీదున్న ఐదు నక్షత్రాలూ కొత్త దాని మీదున్న ఐదూ ఒకటి కావు, అందుకే ఆ లేబుల్ మీద ఏ సంవత్సరపు లెక్కో, ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో కూడా వేస్తారు. స్టార్లు లెక్కపెట్టడం కంటే ఆ యూనిట్లు చూసుకోవడం మేలు. ఇది కొనేవాళ్ళకి తెలియకపోతే తప్పు లేదు. రోజూ అమ్మేవాళ్ళకి కూడా తెలియకపోతే ఎలా?

అయితే దీని వెనక సంగతి ఒకటుంది, నాకూ ఆలస్యంగానే తెలిసింది. చాలాచోట్ల ఆ టీషర్టు కుర్రాళ్ళు షోరూమ్ ఉద్యోగులు కారు. కంపెనీలు తమ సరుకు అమ్ముకోవడానికి అక్కడ నిలబెట్టిన ప్రమోటర్లు. జీతం ఇచ్చేది ఆ కంపెనీయో అది మాట్లాడుకున్న ఏజెన్సీయో, దానిమీద టార్గెట్టు, ఇన్సెంటివ్. అలాంటి మనిషిని రెండు బ్రాండ్లలో ఏది మేలని అడగడమంటే పార్టీ ఏజెంటుని పట్టుకుని ఎవరికి ఓటెయ్యమంటారండీ అని అడగడమే. ఇవాళ ఫ్రిజ్‌ల దగ్గరున్న కుర్రాడు వచ్చే నెల వేరే షాపులో వేరే రంగు టీషర్టులో ఉంటాడు. షోరూమ్ వాళ్ళకి ఇది బాగా గిట్టుబాటు: జనం నిండుగా కనిపిస్తారు, జీతాల ఖర్చు లేదు. మనకే, అంత మందిలో మన వైపు మనిషి ఒక్కడూ ఉండడు.

ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, అది కూడా చెప్పాలి. రోజంతా నిలబడే ఉంటారు, కస్టమర్ లేనప్పుడు కూడా కూర్చోనివ్వరు. షాపుల్లో పనిచేసేవాళ్ళు కూర్చోవచ్చు అని చెప్పడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో ఏకంగా చట్టాలు మార్చాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎలా ఉందో ఊహించుకోండి. సాయంత్రం ఆరింటికి కాళ్ళు లాగేస్తున్న మనిషి దగ్గర మనం ఓపిక ఆశించడం కొంచెం అన్యాయమే.

నాకు మంటెత్తేది బిల్లు కౌంటర్ దగ్గర. అంతకుముందు ఏడాది ఒక షోరూమ్‌లో (పేరెందుకులెండి) వాషింగ్ మెషీన్ కొన్నాం. ఇంటికొచ్చి బిల్లు చూస్తే ఎక్స్‌టెండెడ్ వారంటీ అని రెండువేల చిల్లర. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. వెనక్కెళ్తే "సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేస్తుంది మేడమ్, మేనేజర్ లేరు". ఆ మేనేజర్ మూడుసార్లు వెళ్ళినా లేరు. నో కాస్ట్ ఈఎంఐ కూడా అదే బాపతు. వడ్డీ లేదంటారు గానీ, క్రెడిట్ కార్డు మీదైతే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ తర్వాత స్టేట్‌మెంట్‌లో దర్శనమిస్తాయి. ఆన్‌లైన్ వాళ్ళు చేసే ఇలాంటి పదమూడు రకాల మాయల్ని కేంద్రం 2023 నవంబరులో పేరుపేరునా జాబితా రాసి నిషేధించింది, అడగకుండా బుట్టలో వస్తువు చేర్చడం అందులో ఒకటి. ఆ పనే కౌంటర్ దగ్గర నవ్వుతూ చేస్తే చూసేవాడు లేడు. అన్నట్టు ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు కొడతామంటే ఇవ్వక్కర్లేదు, బలవంతం చేయొద్దని 2023 మేలోనే వ్యాపారులకు కేంద్రం చెప్పింది. నేను చెప్పను అంటాను. వెనక క్యూలో ఉన్నవాళ్ళు నన్ను చూసి విసుక్కుంటారు, అది వేరే విషయం.

ఫ్రిజ్ అక్కడ కొనలేదు. మా ఆయన దారి పొడుగునా మాట్లాడలేదు.

ఇక తమ్ముడి వంతు. ఆర్డర్ పెట్టాడు, 16,300. చెప్పిన రోజుకే వచ్చింది కూడా, అందులో పేరు పెట్టడానికి లేదు. వచ్చినబ్బాయి "ఓటీపీ చెప్పండమ్మా" అన్నాడు. మేమందరం రెండేళ్ళుగా అమ్మకి నూరిపోసింది ఒకటే మాట: ప్రాణం పోయినా ఓటీపీ ఎవరికీ చెప్పకు. ఆవిడ చెప్పలేదు. గుమ్మంలో ఫ్రిజ్, ఎండలో ఆ కుర్రాడు, లోపల తలుపు గడియ పెట్టుకుని మా అమ్మ, అక్కడ డాలస్‌లో అర్ధరాత్రి నిద్రలేచిన తమ్ముడు. మొత్తానికి దించారు. పెట్టె విప్పితే పక్కన అరచేతి వెడల్పున సొట్ట.

అక్కణ్ణుంచి చాట్. ఎవరితో మాట్లాడుతున్నామో తెలియదు, ఫోటో పంపమంటుంది, పంపితే ఇంకో కోణంలో పంపమంటుంది, తర్వాత టెక్నీషియన్ వచ్చి చూసి సర్టిఫై చేయాలంటుంది. ఆ టెక్నీషియన్ రావడానికి నాలుగు రోజులు. ప్రతిసారీ కొత్త మనిషి, ప్రతిసారీ కథ మొదట్నుంచి. చాట్‌లో "మీ అసౌకర్యం నాకు అర్థమైంది" అని వచ్చినప్పుడల్లా తమ్ముడికి బీపీ పెరిగేది. పదకొండో రోజున తీసుకెళ్ళారు, అప్పటిదాకా సొట్టదీ పాతదీ రెండు ఫ్రిజ్‌లు హాల్లో, పాలు పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్‌లో.

కానీ డబ్బు మాత్రం పైసాతో సహా వెనక్కొచ్చింది. అందుకే ఆన్‌లైన్‌ని పూర్తిగా తిట్టలేను. అదే సొట్ట సంగతి షోరూమ్ కౌంటర్‌కి తీసుకెళ్ళి చూడండి, మేనేజర్ మళ్ళీ ఉండరు. ఆన్‌లైన్ వాళ్ళు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. చాట్ స్క్రీన్‌షాట్లు తీసి ఆ ముక్క రాస్తే అటువైపు కొంచెం కదలిక వస్తుంది, మా తమ్ముడు చేసిందదే.

చివరికి అమ్మ మాటే. నేను తెనాలి వెళ్ళి అమ్మని తీసుకుని బోస్ రోడ్డు కొట్టుకి నడిచాను. నాన్న బడిపంతులు, కొట్టాయన ఆయన దగ్గర చదువుకున్నవాడే. "రండి పిన్నిగారూ, మాస్టారి ఫ్రిజ్ ఇంకా నడుస్తోందా" అనేదే మొదటి మాట, ఆ ఫ్రిజ్ అమ్మింది కూడా వాళ్ళే మరి. తర్వాత ఆయన అడిగిన ప్రశ్నలు చూడండి. వంటింట్లో ఏ మూల పెడతారు, డోరు ఎటు తెరుచుకోవాలి? పక్కన గోడ ఉందా? వంగడం కష్టంగా ఉందా పిన్నిగారూ, అయితే కింద డ్రాయరున్నది తీసుకోండి, ఫ్రిజ్ కాస్త ఎత్తులోకి వస్తుంది, ఉల్లిపాయలు దాంట్లో పోసుకోవచ్చు. మీ వీధిలో కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి నాకు తెలుసు, స్టెబిలైజర్ లేకుండా ఇవ్వను. పెద్దది ఎందుకమ్మా, మీరు పండక్కి వచ్చినప్పుడు నాలుగు రోజుల కోసం ఏడాదంతా కరెంటు కాల్చుకుంటారా? అక్కడున్న ఖరీదైనది వద్దని ఆయనే అన్నాడు. షోరూమ్‌లో ముగ్గురు కలిసి ఇందులో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

సాయంత్రానికి ట్రాలీ ఆటోలో వచ్చింది. తెచ్చిన కుర్రాళ్ళే లోపల పెట్టి, ఇప్పుడే స్విచ్ వేయకండి, ఓ మూడు గంటలు ఆగండి అని చెప్పి, పాతది వెయ్యి రూపాయలకి పట్టుకెళ్ళారు. రెండు వారాల తర్వాత పాలు గడ్డకడుతున్నాయని అమ్మ ఫోన్ చేస్తే ఆ పూటే ఒకతను వచ్చి నాబ్ తగ్గించి పోయాడట. అంతే, నాబ్ ఒక్కటే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఉంటే తెలుగుకి రెండు నొక్కి, ఫ్రిజ్‌కి నాలుగు నొక్కి...

అలాగని ఆ కొట్టుకి హారతి పట్టడానికి కూర్చోలేదు. 17,800 తీసుకున్నాడు, ఆన్‌లైన్ కంటే 1,500 ఎక్కువ. రెండే కంపెనీలున్నాయి, మూడోది గురించి అడిగితే "అది బాగోదు" అన్నాడు, ఆయన దగ్గర లేకపోవడమే దాని లోపం అనుకుంటా. ముందు తెల్ల కాగితం మీద రాసిచ్చాడు; సీరియల్ నంబరుతో పక్కా బిల్లు కావాలని రెండుసార్లు అడగాల్సి వచ్చింది, అది లేకపోతే రేపు వారంటీకి దిక్కుండదు. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు ఇంకా ఉంది. లోపమున్న వస్తువు విషయంలో ఆ బోర్డు చెల్లదు, బిల్లు మీద గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోను అనడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. ఆ ఆదరణ మాస్టారి కూతురికి. అమ్మ దగ్గర పనిచేసే అమ్మాయి అదే వీధిలో ఇంకో కొట్టులో మిక్సీ కొనడానికి వెళ్తే అరగంట నిలబెట్టి, అదైతే ఖరీదెక్కువ నీకెందుకని చవకది చూపించారట. ఇప్పుడు ఫోన్‌లోనే కొంటోంది. "అది నా చీర చూడదు కదక్కా" అంది. పాత కొట్లలో సేవ ఎంత బాగుండేదో అని మనం నిట్టూర్చేటప్పుడు, ఎవరికి బాగుండేది అని కూడా అడగాలి.

కొట్టాయన కొడుకు ఇంకో సంగతి చెప్పాడు, విన్నప్పట్నుంచీ గుచ్చుకుంటోంది. జనం వచ్చి గంటసేపు అన్నీ అడిగి తెలుసుకుని, మోడల్ నంబరు ఫోటో తీసుకుని, ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో పెట్టుకుంటున్నారట. "చెప్పడానికి నేను, కొనడానికి వాళ్ళు" అన్నాడు. నేనూ ఒకసారి మిక్సీకి అదే చేశాను, వేరే ఊళ్ళో. మూడొందలు మిగిలింది. అలాంటి గంటలకి డబ్బు రాదని తేలిపోయాక ఏ కొట్టువాడైనా తెలిసిన మనిషిని జీతమిచ్చి ఎందుకు కూర్చోబెడతాడు?

కాబట్టి నా లెక్క ఇదీ. బిగించాల్సినవి, నీళ్ళతోనో వోల్టేజీతోనో పేచీ ఉన్నవి, పెద్దవాళ్ళు ఒంటరిగా వాడేవి (ఫ్రిజ్, గీజర్, ఇన్వర్టర్, మోటారు) ఊళ్ళో కొట్టులోనే, వెయ్యీ రెండువేలు ఎక్కువైనా. ఆ పైసొమ్ము ఫోనెత్తే మనిషికిచ్చే జీతం అనుకుంటా. సెల్‌ఫోను, ఇయర్‌ఫోన్లు, పెన్‌డ్రైవ్ లాంటివి ఆన్‌లైన్, అక్కడ ఎవరి సలహా అక్కర్లేదు. షోరూమ్‌కి టీవీ కోసం మాత్రం వెళ్తా, పక్కపక్కన పెట్టి బొమ్మ చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ ఎవర్నీ ఏమీ అడగను, బిల్లు ప్రతి లైనూ కౌంటర్ వదలకముందే చదువుతా. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు, కొన్న ఊరికి పోకుండా మనముండే ఊళ్ళోనే వేసుకోవచ్చు.

వచ్చే నెల కూకట్‌పల్లిలో మాకే గీజర్ కావాలి. ఇక్కడ నాకు మాస్టారి శిష్యుడి కొట్టు లేదు. వెనక సందులో ఒక చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది, ఆరేళ్ళలో బల్బులకి తప్ప వెళ్ళలేదు. నిన్న వెళ్ళి అడిగా. ఆయన ధర చెప్పకుండా, "మీది బోరు నీళ్ళా, మంజీరా కుళాయి నీళ్ళా మేడమ్?" అన్నాడు.