టాక్సిక్ మెగాకోలన్‌కి పొట్ట ఎక్స్‌రే: పాతదే కానీ పనికొస్తుంది

టాక్సిక్ మెగాకోలన్ అంటే పెద్దపేగు వాచి బాగా ఉబ్బిపోయి, మనిషి పరిస్థితి విషమించే జబ్బు. దీనికి సీటీ స్కాన్ ఉండగా ఇంకా ఈ పాత ఎక్స్‌రే ఎందుకండీ అని చాలామంది అడుగుతుంటారు. వార్డులో ఇలాంటి కేసులు చూసేవాడిగా చెప్తున్నా, పెద్దపేగు ఎంత ఉబ్బింది, నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందా అన్నది తెలుసుకోవడానికి ఇంత త్వరగా, మంచం దగ్గరే అయిపోయే పరీక్ష ఇంకోటి లేదు, అంతకు మించి మాత్రం దీని దగ్గర ఆశించకండి.

అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) ఉన్నవాళ్లకో, సి. డిఫిసిల్ అనే బాక్టీరియా ఇన్ఫెక్షన్ పేగుకి వచ్చినవాళ్లకో విరేచనాలు అవుతూ అవుతూ ఉన్నట్టుండి తగ్గిపోయి, పొట్ట బిగిసి, జ్వరం, గుండెదడ మొదలైతే, హమ్మయ్య మోషన్స్ ఆగాయి అనుకోవడానికి లేదు, అసలు టెన్షన్ అప్పుడే. పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి తీస్తే గాలంతా పైకి చేరి, పొట్టకి అడ్డంగా ఉండే పెద్దపేగు భాగం, అంటే ట్రాన్స్‌వర్స్ కోలన్, నల్లగా తేలుతుంది. అక్కడ స్కేలు పెట్టి కొలవాలి. 6 సెంటీమీటర్లు దాటిందా, పేగు గోడకి ఉండాల్సిన మడతలు మాయమయ్యాయా, గోడ వాచి బొటనవేలితో నొక్కినట్టు గుంటలు కనిపిస్తున్నాయా అని చూడాలి. 12 నుంచి 24 గంటలకోసారి మళ్లీ తీసి రెండు ఫిల్ములూ పక్కపక్కన పెడితే సగం సంగతి తేలిపోతుంది. రెండుసార్లూ ఒకే మెషీన్, ఒకే పొజిషన్ ఉండాలి, ఎందుకంటే పోర్టబుల్ మెషీన్‌లో సైజు కాస్త పెద్దగా పడుతుంది.

ఇక లోపాలు. పేగుకి చిల్లు పడితే వెల్లకిలా తీసిన ఫిల్ములో తప్పిపోవచ్చు, దానికి కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీయాలి, అనుమానం తీరకపోతే సీటీయే గతి. స్టెరాయిడ్లు వాడేవాళ్లకి చిల్లు పడినా నొప్పి పెద్దగా తెలియదు, కాబట్టి పొట్ట మెత్తగానే ఉంది కదా అని ఊరుకోకూడదు. పైగా ఫిల్ము ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టేయలేం. 1969లో జలాన్ అనే డాక్టరు బృందం చెప్పిన లెక్క ఇప్పటికీ వాడుతున్నాం: ఎక్స్‌రేలో ఉబ్బుతోపాటు జ్వరం, 120 దాటిన పల్స్, పెరిగిన తెల్లరక్తకణాలు, రక్తహీనత వీటిలో కనీసం మూడు, ఆపైన డీహైడ్రేషన్, మగత, లవణాల తేడా, బీపీ పడిపోవడం వీటిలో ఒకటైనా ఉండాలి.

నాలుగు స్టార్లు ఇస్తా. ఐదోది కోసేసింది ఫిల్ము మీద కోపంతో కాదు, రిపోర్టుల మీద. పేగులో గ్యాస్ ఎక్కువగా ఉంది అని ఒక్క లైన్ రాసి పంపేస్తారు, ఎన్ని సెంటీమీటర్లో రాయరు. అర్ధరాత్రి సర్జన్‌కి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగేది ఆ నంబరే!