ప్రోగ్రెస్ కార్డు, వాట్సాప్ గ్రూపు, ముఖాముఖి మాట: ఏది మేలు?

పిల్లల చదువు ఎలా సాగుతోందో ఇంటివారికి చెప్పడానికి విశాఖపట్నం బడులలో ఈ మూడు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి. మూడింటితోనూ పనిచేసిన ఉపాధ్యాయురాలిగా, వీటిని ఒకే గాటన కట్టలేనని ముందే చెబుతున్నాను.

ప్రోగ్రెస్ కార్డులో ఫార్మేటివ్ (చదువు సాగుతుండగా పెట్టే చిన్న), సమ్మేటివ్ (కొంత చదువు ముగిశాక పెట్టే పెద్ద) పరీక్షల మార్కులు, హాజరు ఒకేచోట ఉంటాయి. ఏడాది తరువాత కూడా తీసి చూసుకోవచ్చు. అయితే అది ఎన్ని మార్కులు వచ్చాయో చెబుతుందే తప్ప, ఎందుకు తగ్గాయో చెప్పదు. చదువురాని తల్లి వేలిముద్ర వేసి పంపిన కార్డును చూసి, విషయం ఇంటికి చేరిందని నేను అనుకోలేను.

వాట్సాప్ గ్రూపు సెలవులకు, పరీక్షల తేదీలకు సరిపోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రితో పనికి వెళ్ళిపోతే అదీ అందదు. అందరి మార్కులనూ గ్రూపులో పెట్టడం మాత్రం తప్పు; వెనుకబడిన బిడ్డ సంగతి ఆ బిడ్డ ఇంటికి తెలిస్తే చాలు, వీధికంతటికీ తెలియనక్కరలేదు.

నా మొగ్గు ముఖాముఖి మాటకే. 2009 విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్, ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై హాజరునూ అభ్యసన ప్రగతినీ తెలియజేయాలని చెబుతోంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అటువంటి రోజున బడికి నిండుదనం వస్తుందన్నది నిజమే కాని, అంతమంది నడుమ ఒక్కొక్క బిడ్డ గురించి నిదానంగా మాట్లాడడం కష్టం. పైగా గాజువాకలో షిఫ్టుకు వెళ్ళేవారికైనా, జాలారిపేటలో చేపలు అమ్మేవారికైనా, బడి చెప్పిన వేళకు రావడమంటే ఒక పూట కూలి వదులుకోవడమే. అందుకే వారికి వీలైన వేళను ముందుగా అడిగి, పది నిమిషాలు కేటాయించడం మేలు. రాలేనివారికి విడిగా ఫోన్ చేయాలి.

ఒక సాయంత్రం చేపలమ్మే ఒక తల్లి ముందు ఆమె కూతురి లెక్కల పుస్తకం తెరిచాను. 52 లోంచి 27 తీసివేయమంటే ఆ పాప 35 అని వేసింది. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కనుక, తిరగేసి 7 లోంచి 2 తీసింది. “అదేటి మేడమ్, పాతికే కదా!” అని ఆ తల్లి వేళ్ళయినా మడవకుండా చెప్పింది. రోజూ బేరం ముగిశాక చిల్లర లెక్క పాప చేతనే చెప్పించమని అడిగాను. కార్డులో నేను రాయలేని మాట అది.