అడవి పందులకు సోలార్ జట్కా మిషన్: కొనేముందు ఇది చదవండి

మక్క, పల్లి, కంది వేసి రాత్రంతా మంచె మీద కాపలా కాసే రైతులు చాలామంది ఈ సోలార్ ఫెన్సింగ్ గురించి అడుగుతున్నారు, పనిచేస్తుందా, పైసలు దండగా అని. పనిచేస్తుంది. కానీ మిషన్ తెచ్చి, తీగ గుంజి, ఇంటికి పోయి నిశ్చింతగా పడుకుంటానంటే కుదరదు, ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నా. మాది నిర్మల్ జిల్లాలో కవ్వాల్ అడవికి దగ్గరున్న ఊరు, వానాకాలం మక్క, యాసంగికి కొంత పల్లి. కంపెనీ పేరు రాయట్లేదు, నేను చెప్పే మంచీ చెడూ చాలావరకు ఏ కంపెనీ మిషన్‌కైనా వర్తిస్తాయి.

ముందు సరుకు ఏమిటో చెప్తా. ఒక డబ్బా (దీన్నే ఎనర్జైజర్ అంటారు, ఊర్లో అందరూ జట్కా మిషన్ అంటారు), 12 వోల్టుల బ్యాటరీ, చిన్న సోలార్ ప్యానెల్, ఇన్సులేటర్లు, తీగ, ఎర్త్ రాడ్లు, హారన్. గుంజలు మనమే పాతుకోవాలి. డబ్బా పని ఏమిటంటే, సెకనుకు కొంచెం ఎక్కువ వ్యవధిలో ఒక్కో దెబ్బ చొప్పున తీగలోకి వేల వోల్టులు వదులుతుంది, ఎనిమిది వేలు, పది వేలు అని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఆ అంకె చూసి భయపడేవాళ్లున్నారు. ఆ దెబ్బ సెకనులో వెయ్యో వంతుల్లో అయిపోతుంది, మళ్లీ వచ్చేదాకా తీగలో ఏమీ ఉండదు, అందుకే జంతువైనా మనిషైనా గట్టిగా ఝాడించినట్టయి వెనక్కి దూకుతారు తప్ప తీగకు అతుక్కుపోరు. ఇలాంటి మిషన్లకు ఐఈసీ 60335-2-76 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దెబ్బకూ దెబ్బకూ మధ్య కనీసం ఒక సెకను ఉండాలని, దెబ్బ బలం 5 జౌల్స్ (శక్తిని కొలిచే లెక్క) దాటకూడదని దాంట్లో ఉంటుంది. డబ్బా మీద ఆ ముద్రో, దానికి సరితూగే ఐఎస్ (భారత ప్రమాణం) ముద్రో లేకపోతే ఎంత చవకకిచ్చినా తీసుకోవద్దు, మన పిల్లలు తిరిగే చేన్లు ఇవి.

మిషన్ సత్తా అంతా ఎర్త్‌లో ఉంది. దెబ్బ తీగ నుంచి పంది ఒంట్లోకి, అక్కడి నుంచి కాళ్ల గుండా భూమిలోకి పోయి, ఎర్త్ రాడ్ ద్వారా తిరిగి మిషన్‌కు చేరితేనే తగిలినట్టు. నేల ఎండిపోయి, రాడ్ అడుగు లోతుకే దిగి ఉంటే పంది తీగను ముట్టుకున్నా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బిగించడానికి వచ్చిన పిల్లగాడు ఒక్క రాడ్ కొట్టి "అయిపోయిందన్నా" అని లేచాడు. మూడు రాడ్లు, మధ్యలో మూడేసి మీటర్ల ఎడం, చుట్టూ బొగ్గు, ఉప్పు, యాసంగిలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు, ఇంత చేస్తేనే టెస్టర్‌లో సరైన రీడింగ్ వచ్చింది. టెస్టర్ కిట్‌లో రాదు, విడిగా కొనాలి, తప్పకుండా కొనండి, అది లేకుండా తీగలో దెబ్బ ఉందో లేదో తెలుసుకోవాలంటే చేయి పెట్టి చూడటమే దారి.

రెండోది కింది తీగ ఎత్తు. దుకాణంలో ఇచ్చిన బొమ్మలో మొదటి తీగ అడుగున్నర పైన ఉంటుంది, అది పశువులకు సరిపోతుంది. పంది ముట్టెతో నేలను రాసుకుంటూ వస్తుంది, తల దించే ఉంటుంది, దాని వీపు మీద దట్టమైన వెంట్రుకలు, మందమైన తోలు, అక్కడ తగిలితే లెక్కచేయదు. తడి ముట్టెకు తగలాలి. అందుకని కింది తీగ ఏడెనిమిది అంగుళాల్లో, రెండోది దాని పైన జానెడు, మూడోది మోకాలికి కొంచెం పైన. వాన పడిన మర్నాడు పొద్దున చేను చుట్టూ తిరిగితే బురదలో కథంతా కనిపిస్తుంది: వరుసగా గిట్టల అచ్చులు తీగ దాకా వచ్చి ఉంటాయి, తీగకు మూరెడు దూరంలో మట్టి ఎగజిమ్మి, రెండు గిట్టలు లోతుగా దిగబడి పక్కకు జారిన గుర్తు, అక్కడి నుంచి అచ్చులు దూరం దూరంగా, అంటే లంకించుకుని పరుగెత్తినట్టు. వెనకాల పిల్లల చిన్న అచ్చులు ఎటంటే అటు చెదిరిపోయి ఉంటాయి. ఒకసారి దెబ్బ తిన్న మంద మళ్లీ అదే మూల నుంచి రావడం బాగా తగ్గుతుంది. మక్క కంకి పాలు పట్టే రోజుల్లో ఒక్క రాత్రికి ఎకరం నేలమట్టం చేసే మంద అది, మా చేన్లో ఈసారి విరిగిన కర్ర దాదాపు లేదు.

ఇక బాధలు. వానాకాలం గడ్డి ఎంత తొందరగా ఎదుగుతుందో చెప్పక్కర్లేదు, తడి గడ్డి కింది తీగకు తాకిందంటే దెబ్బంతా అక్కడే భూమిలోకి జారిపోతుంది. వారానికోసారి తీగ వెంట గడ్డి కోయాలి, మందు కొడతారో కొడవలి పడతారో మీ ఇష్టం. ముసురు పట్టి నాలుగైదు రోజులు ఎండ లేకపోతే బ్యాటరీ దిగుతుంది, అందుకని ఇంట్లో ఛార్జ్ చేసుకునే ఏర్పాటున్న మిషనే చూడండి. బ్యాటరీ, ప్యానెల్ దొంగల భయం ఉంది, ఇనుప పెట్టె చేయించి తాళం వేయాలి, అదో ఖర్చు. పిడుగులకు అరెస్టర్ అని చిన్న భాగం ఉంటుంది, కిట్‌లో ఉందా అని అడగండి. అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది సర్వీస్. సరిగ్గా కంకులు వచ్చే వేళకు మిషన్ టిక్ టిక్ ఆగిపోయింది, దుకాణానికి తీసుకుపోతే లోపలి సర్క్యూట్ కార్డు పోయింది, కంపెనీకి పంపాలి అన్నారు. పంపితే ఎప్పుడొస్తుందో చెప్పరు, అప్పటిదాకా వాడుకోవడానికి వేరే డబ్బా ఇవ్వరు. వారంటీ కార్డులో మాత్రం పెద్ద అక్షరాలతో ఏడాది అని ఉంటుంది. పంట మధ్యలో పది రోజులు మిషన్ లేకపోతే ఆ వారంటీతో రైతు ఏం చేసుకోవాలి? మార్పిడి డబ్బా ఇస్తామని బిల్లు మీద రాయించుకునే కొనండి, ఇవ్వం అంటే ఇంకో దుకాణం చూడండి.

మిషన్‌కు ఐదులో నాలుగు ఇస్తా, సర్వీస్‌కు ఒకటి.

అయితే ఈ రివ్యూ ఇక్కడితో ఆపలేను. మా చేను చుట్టూ తీగ పడ్డాక పందులు అడవిలోకి తిరిగి పోలేదు, పక్కనే కౌలుకు చేసుకునే మామ చేన్లో పడ్డాయి. ఆయనకు మిషన్ కొనే తాహతు లేదు, కౌలుదారుకు రాయితీ కాగితం మీద పేరు కూడా ఎక్కదు. "నీ తీగ మంచిగనే ఉంది గని బిడ్డా, అవన్నీ నా మీదికే తోలినవు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఒక్కో రైతు ఒక్కో చేను చుట్టూ కంచె వేసుకుంటే ఊరి నష్టం తగ్గదు, లేనివాడి మీదకు మళ్లుతుంది, అంతే. లేనివాడు ఏం చేస్తాడు? స్తంభం నుంచి నేరుగా కరెంటు తీగ లాగుతాడు. ఇదే అసలు ప్రమాదం. జట్కా మిషన్ దెబ్బకూ లైన్ కరెంటుకూ పోలికే లేదు, లైన్ కరెంటు పట్టుకుంటే వదలదు. పొద్దున నీళ్లు పెట్టడానికి పోయిన రైతు పందుల తీగ తగిలి చనిపోయాడన్న వార్త రెండు రాష్ట్రాల్లో ప్రతి సీజన్‌లో వస్తుంది. మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు పందుల కోసం పెట్టిన తీగలకు పులులు పోయాయి. తీగ పెట్టినవాడి మీద కరెంటు దొంగతనం కేసు, మనిషి పోతే ఇంకా పెద్ద కేసు, వన్యప్రాణి పోతే వేరే కేసు. దయచేసి ఎవరూ పెట్టొద్దు, పక్కవాడు పెడుతుంటే చూసి ఊరుకోవద్దు.

పందులను కాల్చేయడానికి అనుమతిస్తే పోలా అని ఊర్లో చాలామంది అంటారు, పట్నంలో చాలామంది అది పాపం అంటారు. చట్టంలో దారి లేకపోలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 11వ సెక్షన్ ఉంది, పంటకు, ప్రాణానికి ప్రమాదమని తేలితే రెండో షెడ్యూల్ (చట్టంలోని జాబితా) జంతువును వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు, 2022 సవరణ తర్వాత అడవి పంది ఉన్నది ఆ షెడ్యూల్‌లోనే. 62వ సెక్షన్ కింద కేంద్రమే ఒక ప్రాంతానికి, కొంత కాలానికి దాన్ని హానికర జంతువుగా ప్రకటించొచ్చు. 2016లో బిహార్‌లో నీల్‌గాయిల (మనుబోతుల) విషయంలో ఇదే జరిగింది, మోకామాలో 200కు పైగా నీల్‌గాయిలను కాల్చారు, కాల్చిన షూటర్లు మన హైదరాబాద్ నుంచే వెళ్లారు, దాని మీద ఇద్దరు కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బహిరంగంగానే వాదించుకున్నారు. కేరళ 2022లో పందులను కాల్చే అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షులకే అప్పగించింది.

నేను రైతును, పంది మీద నాకు ప్రత్యేకంగా జాలి లేదు, మరీ తెగబడిన మందను అనుమతితో కాలిస్తే తప్పని నేననను. కానీ తుపాకీ ఒక్కటే మందు అనుకోవడం దండగ. ఆడ పంది ఒక ఈతలో ఐదారు పిల్లలు పెట్టడం మామూలు, షూటర్ ఒక రాత్రి వచ్చి రెండు పందులను పడేసి పోతే మిగతా మంద మరో వాగు దాటి ఇంకో ఊరి చేన్లో పడుతుంది, నాలుగు నెలలకు మళ్లీ ఇక్కడే. ఇంకో మాట, మా పక్కనే 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్ ఉంది, మహారాష్ట్ర తాడోబా వైపు నుంచి పులులు ఇటు వస్తుంటాయి, వాటికి పంది కూడా తిండే. అడవి అంచున పందులు లేకుండా చేస్తే ఆ పులి మా దొడ్లో ఆవు మీద పడుతుంది. షికారు సరదా ఉన్నవాళ్లు రైతుల పేరు చెప్పి తుపాకులు అడగడం, అడవి ముఖం చూడనివాళ్లు మంచె మీద పడుకునేవాడికి నీతులు చెప్పడం, రెండూ మానాలి.

నాకు కనిపించిన దారి ఊరంతా ఒకే కంచె. చేను చేనుకూ చుట్టూ వేసే బదులు అడవి వైపున్న అంచు వెంట పది పదిహేను మంది కలిసి ఒకే లైను వేసుకుంటే తీగ తక్కువ, మిషన్లు తక్కువ, గడ్డి కోసే పని వంతులవారీగా, కౌలుదారు కూడా లోపలే ఉంటాడు. ప్రభుత్వ రాయితీ కూడా అలాగే ఇవ్వాలి. హిమాచల్ ప్రదేశ్‌లో సోలార్ కంచెకు ఒక్క రైతుకు 80 శాతం రాయితీ ఇస్తే, ముగ్గురు లేదా ఎక్కువమంది కలిసి పెట్టుకుంటే 85 శాతం ఇచ్చేలా పథకం పెట్టారు. ఇక్కడ కూడా అట్లాంటిది రావాలని గ్రామసభలో రాతపూర్వకంగా పెట్టండి, మేం పెట్టాం. కొనిచ్చి చేతులు దులుపుకుంటే మాత్రం లాభం లేదు, చిత్తూరు వైపు కౌండిన్య అడవి పక్కన ఏనుగుల కోసం వేసిన సోలార్ కంచెకు చూసుకునేవాళ్లు లేక ఏమైందో ఆ పక్క రైతులను అడిగితే చెప్తారు. అన్నట్టు, ఏనుగులున్న చోట ఈ మూడు తీగల కిట్ కొనకండి, అది పందులకే.

మిషన్ కొనలేనివాళ్లకు రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పే పద్ధతులున్నాయి, మక్క చుట్టూ నాలుగు వరసలు ఆముదం, పల్లి చుట్టూ ముళ్లుండే కుసుమ, మంగలి షాపు వెంట్రుకలు గట్ల మీద చల్లడం. ఆముదం మా ఊర్లో కొంత పనిచేసింది, పూర్తిగా ఆపదు కానీ పంది వాసన పట్టకుండా చేస్తుంది. వెంట్రుకలు వాన పడేదాకే. బీమా సంగతి కూడా తెలుసుకోండి, వన్యప్రాణులు చేసిన పంట నష్టాన్ని ఫసల్ బీమాలో అదనపు కవర్‌గా 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది, నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో ఫొటోలు పెట్టాలి. మీ మండలంలో, మీ పంటకు వర్తిస్తుందో లేదో ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) ఇప్పుడే అడిగి పెట్టుకోండి, పంట పోయిన పొద్దున అడిగితే ఆ 72 గంటలు తిరగడానికే సరిపోతాయి.

కొనేవాళ్లు జూన్‌లోనే కొనండి, కంకి వేసే వేళకు దుకాణాల్లో రేటు పెంచుతారు, బిగించే మనిషి దొరకడు. పందులు తీగంటే భయపడటం నేర్చుకోవడానికి కూడా పది పదిహేను రోజులు కావాలి, మక్క రుచి మరిగాక తీగ కడితే దెబ్బ తిని కూడా దూసుకొస్తాయి. కంటికి కొట్టొచ్చే రంగు గుడ్డ ముక్కలు తీగకు కట్టండి, హెచ్చరిక బోర్డు తెలుగులో రాయించి నాలుగు మూలలా పెట్టండి, బడి పిల్లలు నడిచే బాట పక్కనుంటే పగలు మిషన్ ఆపేయండి. ఎవరికైనా ఎర్త్ దగ్గర సమస్య వస్తే కింద అడగండి, తెలిసినంతవరకు చెప్తా.